చిలికా చూసేశాం అనిపించుకోవడం ఎలా?

పూరీ వెళ్లిన తెలుగువాడు జగన్నాథుడి దర్శనం కాగానే అనే మొదటిమాట, "ఇంతదూరం వచ్చాం కదా, చిలికా కూడా చూసేద్దాం." ఈ "చూసేద్దాం"లోనే ఉంది కిటుకంతా. చూడటం వేరు, చూసెయ్యడం వేరు. చూడటానికి తీరిక, ఓపిక, కాస్త భూగోళజ్ఞానం కావాలి. చూసెయ్యడానికి ఫోన్లో చార్జింగ్ ఉంటే చాలు. నా నాయకత్వంలో మా బంధువర్గం నాలుగుసార్లు చిలికా వెళ్లొచ్చింది. వాళ్లలో కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడుతున్నారు. ఆ అనుభవమంతా ఇక్కడ ఉచితంగా ఇచ్చేస్తున్నాను.

1. రద్దీరోజే పెట్టుకోండి.

మంగోలియా, సైబీరియా వైపు నుంచి వచ్చే పక్షులది శీతాకాలమంతా చిలికాలోనే కాపురం. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు ఏ మంగళవారమో బుధవారమో వెళ్తే పడవలు ఖాళీగా ఉంటాయి, పడవవాడు కూడా నిదానంగా మాట్లాడతాడు. అలాంటి రోజు మాత్రం పెట్టుకోకండి. ఖాళీగా ఉన్నచోటికి వెళ్లొచ్చామంటే ఊళ్లో విలువేముంటుంది? డిసెంబరు ఆఖరి ఆదివారం గానీ జనవరి ఒకటి గానీ ఖాయం చేసుకోండి. ఒడిశా అంతా గిన్నెలు, గ్యాసుపొయ్యిలు, స్పీకర్లు వేసుకుని వనభోజనాలకి బయల్దేరే రోజులవి. మీ ఫొటోలో మీ వెనక కనీసం నలభైమంది పడతారు. జనం ఉంటేనే కదా అది చూడదగ్గ చోటని తెలిసేది.

శీతాకాలంలో సెలవు దొరక్కపోతే మే నెల ఉండనే ఉంది. పడవలో నెత్తిన పల్చటి గుడ్డకప్పు, కింద కాలిన చెక్క, చుట్టూ కళ్లలోకి కొట్టే నీళ్లు. వలసపక్షులుండవు, జనమూ ఉండరు. రేటు మాత్రం అంతే ఉంటుంది.

2. మ్యాపు చూడకండి.

చూస్తే మనసు విరిగిపోతుంది. చిలికా మన ఊరి చెరువు కాదు. 60 కిలోమీటర్లకి పైగా పొడవు. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకుంటుంది, ఎండాకాలంలో 900కి ముడుచుకుంటుంది. దీనికి గుమ్మాలు కూడా చాలా ఉన్నాయి. పూరీ వైపు సాతపడా. హైవే పక్కన బాలుగావ్, బర్కుల్. దక్షిణాన రంభ. ఉత్తరాన మంగళాజోడి. ఒక్కో గుమ్మంలోంచి ఒక్కో చిలికా కనిపిస్తుంది. డాల్ఫిన్లు, సముద్రపు ఇసుకతిన్నె కావాలంటే సాతపడా. కాళిజాయి అమ్మవారి గుడి కావాలంటే బాలుగావ్, బర్కుల్. పక్షులు కావాలంటే మంగళాజోడి. అక్కడ ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్లే ఇప్పుడు వాటికి కాపలా కాస్తూ, గెడవేసి నడిపే చిన్న పడవల్లో మనల్ని చప్పుడు లేకుండా తిప్పుతారు.

ఇవన్నీ తెలుసుకున్నవాడు ఒకటి ఎంచుకుని తక్కినవి వదులుకోవాలి. వదులుకోవడం మనకెందుకు? కాబట్టి డాల్ఫిన్లు చూపిస్తానని పిల్లలకి మాటిచ్చి, గది బాలుగావ్‌లో తీసుకోండి. స్టేషన్ దగ్గర, హైవే దగ్గర, అన్నీ దగ్గరే. డాల్ఫిన్లు మాత్రం సరస్సుకి అవతల. రోడ్డుమీద వెళ్లాలంటే సరస్సంతా చుట్టిరావాలి. బాలుగావ్ ఒడ్డున నిలబడి "డాల్ఫిన్లేవీ?" అని పిల్లలు అడిగినప్పుడు కాళిజాయి గుడి వైపు చూపించి, "ముందు దణ్ణం పెట్టుకోండి, కనిపిస్తాయి" అనండి. నేను అలాగే అన్నాను. మా చిన్నమ్మాయి ఆ రోజు నుంచి దేవుణ్ణి పెద్దగా నమ్మడం లేదు.

ఇంకా ధైర్యం ఉంటే పట్టిక వేసుకోండి. ఉదయం 6కి మంగళాజోడి పక్షులు, 9కి కాళిజాయి, 11కి రంభ దీవులు, 2కి సాతపడా డాల్ఫిన్లు, 6కి పూరీలో సముద్రస్నానం. వాట్సాప్ గ్రూపులో పెట్టండి. అందరూ చప్పట్లు కొడతారు. వాట్సాప్‌లో ట్రాఫిక్ ఉండదు.

3. తెల్లారి 5 గంటలకి బయల్దేరతామని ప్రకటించండి.

ప్రకటించడమే, బయల్దేరడం కాదు. పూరీ నుంచి సాతపడా 50 కిలోమీటర్లు. పొద్దున్నే వెళ్తే గాలి తక్కువ, నీరు కదలదు, డాల్ఫిన్ వీపు పైకి తేలితే దూరం నుంచే తెలుస్తుంది. అందుకే ఆ వేళకి మీరు మంచం మీద ఉండాలి. 5కి లేచి స్నానాలు చేసిన అమాయకుల్ని 8 దాకా లాడ్జి మెట్లమీద కూర్చోబెట్టండి. మీరు 8కి తల దువ్వుకుంటూ దిగి, అందరినీ ఓసారి ఎగాదిగా చూసి, "ఇంకా ఎవరు రావాలి?" అని అడగండి. ఆ ఒక్క ముక్కతో ఆలస్యం నేరం మీ మీంచి దిగిపోతుంది. ఆ క్షణాన బాత్‌రూమ్‌లో ఎవరుంటే వాళ్ల మీద పడుతుంది. మా తోడల్లుడు మూడేళ్లుగా ఆ నేరం మోస్తున్నాడు.

4. బేరం తెలుగులో ఆడండి.

సాతపడా ఇంకా రాకముందే రోడ్డు పక్కన కుర్రాళ్లు చేతులూపుతారు. "జెట్టీ ఇదే" అంటారు. ఇంకాస్త ముందుకెళ్తే ఒడిశా టూరిజం వాళ్ల చోటు వస్తుంది, రేటు బోర్డుమీద రాసి ఉంటుంది. రాసి ఉన్న రేటులో మన ప్రతిభ చూపించుకోవడానికేముంది? మొదటి చెయ్యి దగ్గరే ఆపెయ్యండి. పడవకి మొత్తం ఎంత, ఎన్ని గంటలు, ఎక్కడెక్కడ ఆపుతారు, ఇవేవీ అడగకండి. "అయిదొందలు తగ్గించు" అని మాత్రం గట్టిగా పట్టుబట్టండి. అయిదొందలు తగ్గిస్తాడు, గంటన్నర కూడా తగ్గిస్తాడు. సముద్రం దాకా వెళ్లకుండానే పడవ తిరిగొస్తుంది. బేరం గెలిచింది మీరే.

బేరం మధ్యలో మీలో మీరు తెలుగులో పడవవాణ్ణి తిట్టుకోవడం ఆనవాయితీ. వాళ్లకి ఎలాగూ రాదు కదా. మా బావగారు ఆ నమ్మకంతోనే పడవ అంచు మీద కూర్చున్న కుర్రాడి రంగు, రూపం, పుట్టుక, అన్నిటిమీదా అభిప్రాయాలు ప్రకటించాడు. కుర్రాడు తాడు విప్పుతూ తల ఎత్తకుండానే అన్నాడు: "మాదీ తెలుగే బాబూ. పూరీ పెంటకోట. అమ్మమ్మోల్లది సోంపేట. మీరన్నవన్నీ ఇనబడ్నాయి, ఎక్కండి." పూరీ ఒడ్డున పెంటకోటలో ఉండే జాలర్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. తరాల క్రితం మన తీరం నుంచి వెళ్లినవాళ్లు. ఆ సంగతి బావగారికి తెలియదు. మూడుగంటల ప్రయాణంలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. అంత ప్రశాంతమైన చిలికా యాత్ర మాకు మళ్లీ దొరకలేదు కాబట్టి ఈ చిట్కా తప్పక పాటించండి.

5. లైఫ్ జాకెట్ మీద కూర్చోండి.

పడవలో బల్ల గట్టిగా ఉంటుంది. ఈ నారింజరంగు దిండ్లు అందుకే ఇస్తారు. వేసుకోమని కుర్రాడు చెబితే, "చిలికా లోతు ఎంతుంటుందిలే" అని నవ్వెయ్యండి. నిజమే, చాలాచోట్ల ఒకటి రెండు మీటర్లకి మించదు. రెండు మీటర్లంటే ఆరడుగుల ఏడంగుళాలు. మా బావగారు ఐదడుగుల నాలుగు. తక్కిన లెక్క ఆయన్నే చేసుకోమన్నాం.

గాలి లేచి పడవ ఊగడం మొదలెట్టాక జాకెట్టు తీసి బొత్తాలు వెతుక్కోవడంలో మజా ఉంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు కాళిజాయి కథ మొదలుపెట్టాలి. అత్తారింటికి పడవలో వెళ్తున్న జాయి అనే కొత్తపెళ్లికూతురు గాలివానలో మునిగిపోయి అమ్మవారయిందన్న కథ. పెద్దవాళ్లు పక్కనుంటే మరీ మంచిది.

6. డాల్ఫిన్‌ని తరమండి.

బయల్దేరే ముందు పిల్లలకి ఇంగ్లీషు సినిమాల్లో డాల్ఫిన్ని చూపించండి. పొడుగు మూతి, నవ్వు మొహం, గాల్లో పల్టీలు. చిలికాలో ఉండేది ఇరావడి డాల్ఫిన్. దీనికి ముక్కే లేదు, బూడిదరంగు గుండుతల. పల్టీలు కొట్టదు. ఊపిరి కోసం ఓ క్షణం పైకొచ్చి, వీపు మీద బొటనవేలంత రెక్క చూపించి, మునిగిపోతుంది. ఈ సరస్సులో ఉన్నవే నూటయాభై చిల్లర. ఇంజను ఆపి, మాట్లాడకుండా, కాసేపు ఒకేచోట ఉంటే దానంతట అదే దగ్గర్లో తేలుతుందని తెలిసినవాళ్లు చెబుతారు.

కాసేపు ఊరుకోవడం మన ఇంటావంటా ఉందా? పడవవాడి చేతిలో రెండొందలు పెట్టి, "ఆ వీపు మీదకి పోనియ్" అనండి. మిమ్మల్ని చూసి వెనకున్న అయిదు పడవలూ తోలుకొస్తాయి. ఇంజన్ల మోతకి అది లోపలికెళ్లిపోతుంది. లేకపోతే పంకా రెక్క తగిలి గాయపడుతుంది, చిలికాలో ఈ గాయాలు కొత్త కాదు. అప్పుడు "ఏం డాల్ఫిన్లయ్యా, ఒక్కటీ సరిగ్గా కనపడదు, డబ్బులు వాపసివ్వు" అని దెబ్బలాడండి. నా ఫోన్లో చిలికాది 43 నిమిషాల వీడియో ఉంది. అంతా నీళ్లే. 31వ నిమిషంలో ఏదో నల్లగా తేలుతుంది. చెప్పు అని మా ఆవిడ, డాల్ఫిన్ అని నేను. ఇప్పటికీ తేలలేదు.

7. ముత్యాలు కొనండి.

దారిలో పడవ ఒక ఇసుకదిబ్బకి ఆనుతుంది. ఎందుకు ఆపారని అడగకండి. అక్కడ ఒకాయన గొంతుక్కూర్చుని ఉంటాడు. ముందర అల్యూమినియం బేసిన్, అందులో తడి ఆల్చిప్పలు, పక్కన చిన్న రాయి. ముందు ఎర్రపీతల్ని చూపిస్తాడు. అవి నిజమైనవే. పిల్లలు వాటి వెంట పరుగెత్తగానే పెద్దల వైపు తిరుగుతాడు. "మీరే ఏరండి సార్" అంటాడు. మీరే ఏరతారు. రాయితో టక్కున కొడతాడు. చిప్ప విచ్చుకుంటుంది. లోపల మెత్తటి బూడిదరంగు మాంసం, దాన్ని గోటితో పక్కకి జరుపుతాడు. గుండ్రంగా తెల్లగా ఒక పూస. అందరూ "హా" అంటారు. రెండోదాంట్లో పగడం. మూడోదాంట్లో కెంపు.

మా మామగారు ముప్ఫైరెండేళ్లు సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కెంపు భూమిలో దొరికే రాయి అని వేలమంది పిల్లలకి చెప్పినాయన. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, ఆ కెంపుని ఎండకి పెట్టి చూసి, "నీటిలో కూడా ఏర్పడుతుందన్నమాట" అన్నారు. రెండువేల దగ్గర మొదలైంది. ఆరొందలకి తెగింది. ముత్యం, పగడం, కెంపు మూడూ కలిపి. విజయనగరంలో మాకు తెలిసిన కంసాలి ముత్యాన్ని పంటికి ఓసారి రాసి చూసి, బాధపడకూడదని కాబోలు మెల్లిగా చెప్పాడు: "మాస్టారూ, పాప గౌనుకి బొత్తాం లేదన్నారుగా."

మీరు కొన్నాక మాత్రం ఆ సంగతి ఎవరికీ చెప్పకండి. వెనక పడవలోంచి దిగేవాళ్లు అడిగితే "అసలువే, మా ముందే పగలగొట్టాడు" అనండి. మనం ఒక్కళ్లమే ఎందుకు మోసపోవాలి?

8. మొగ దగ్గర ఈతకి దిగండి.

సముద్రం సరస్సులోకి నోరు తెరిచే చోటుని మన జాలర్లు మొగ అంటారు. ఓ పక్క అలల్లేని చిలికా, ఓ పక్క ఘోషించే బంగాళాఖాతం, మధ్యలో సన్నటి ఇసుకతిన్నె. యాత్ర మొత్తంలో చూడాల్సింది ఇదొక్కటే. అందుకే ఇక్కడికి వచ్చేసరికి మీకు పది నిమిషాలే మిగలాలి.

ఈ మొగకి చరిత్ర ఉంది. పాతమొగ ఇసుకతో పూడుకుంటూ దూరం జరిగిపోయి, చిలికాలో ఉప్పు తగ్గి, గుర్రపుడెక్క లాంటి కలుపు పెరిగి, చేప పడిపోయింది. 1981లో అంతర్జాతీయంగా విలువైన చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు, 1993లో ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలో పడింది. 2000 సెప్టెంబరులో తిన్నెని తవ్వి కొత్తమొగ తెరిచారు. సముద్రపు నీరు మళ్లీ లోపలికొచ్చింది, చేపా పీతా తిరిగొచ్చాయి, 2002లో పట్టికలోంచి పేరు తీసేశారు. ఇదంతా పెంటకోట కుర్రాడు తన మాటల్లో చెప్పబోతుంటే నేను "సర్లే, సెల్ఫీకి జరుగు" అన్నాను. మీరూ అనండి.

వింటే అతను అసలు సంగతి చెప్పేవాడు. మొగలో నీరు పోటుకి లోపలికి, పాటుకి బయటికి లాగుతుంది. పైకి చూస్తే మోకాలిలోతు, నిదానం. కింద ఇసుక కాళ్లకిందనించి జారిపోతూ ఉంటుంది. ఇసుకతిన్నెలు కూడా ఒకచోట ఉండవు, జరుగుతాయి. కాబట్టి నాలుగేళ్లనాటి యూట్యూబ్ వీడియోలో "ఇక్కడ సేఫ్" అని ఎవరో దిగిన చోటే వెతుక్కుని దిగండి. మా బావమరిది అలాగే దిగాడు. అతని చెప్పులు, కళ్లజోడు బంగాళాఖాతంలోకి వెళ్లాయి. అతన్ని మాత్రం కుర్రాడు జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. ఒడ్డుకి రాగానే బావమరిది అన్నమాట, "జుట్టెందుకు లాగావ్?"

9. రేటు అడక్కుండా పీత తినండి.

తిన్నెమీద పాకలుంటాయి. బుట్టలో బతికున్న పీతలు, రొయ్యలు చూపిస్తారు. "తూకం ఎంత, వేపుడికెంత" అని ముందడిగితే పల్లెటూరివాళ్లమనుకుంటారు. "మంచివి చూసి వెయ్యి" అని దర్జాగా వేలు చూపించండి. బిల్లు వచ్చాక పల్లెటూరివాళ్లలాగే అరవండి. ఇంటినుంచి తెచ్చిన పులిహోర పొట్లాలు అప్పటికే కార్లో పులిసిపోయి ఉంటాయి.

పేపరు ప్లేట్లు, నీళ్ల సీసాలు అక్కడే వదిలెయ్యండి. సరస్సు పెద్దదే.

నీళ్లు మాత్రం బాగా తాగండి. పడవలో మూడు గంటలు బాత్‌రూమ్ ఉండదన్న సంగతి అత్తగారికి పడవ కదిలాక చెప్పండి.

10. ఆ రాత్రి బండికే టికెట్ తీసుకోండి.

పూరీలో రాత్రి బండి, సాతపడాలో సాయంత్రం 5 దాకా పడవ. మధ్యలో 50 కిలోమీటర్లు, జనవరి ఒకటి, వనభోజనాల బస్సులన్నీ ఒకేసారి తిరుగుముఖం. బండి తప్పిపోతే బాధపడకండి, తప్పిందనడానికి కారణాలు సిద్ధంగా పెట్టుకోండి. వరస ఇది: ఇంజను మొరాయించింది. డ్రైవరు దారి తప్పాడు. పిల్లలు బట్టలు మార్చుకోవడం లేటయింది. ఈ యాత్రకి రాలేకపోయిన బంధువు ఎవరైనా ఉంటే ఇంకా నయం: "బాబాయి వస్తానని ఆఖర్లో మానేశాడు, దాంతో లెక్కలన్నీ తారుమారయ్యాయి." రానివాడు సాక్ష్యం చెప్పలేడు.

ఖర్చులు పంచేటప్పుడు పిల్లలు పడవలో సగం మనుషులు, పీతల దగ్గర నిండు మనుషులు. మీ పిల్లలైతే రెండుచోట్లా పసివాళ్లు.

11. ఇవేవీ మీవల్ల కాకపోతే...

నిజమైన బద్ధకస్తుడికి చివరి చిట్కా. విశాఖ నుంచి భువనేశ్వర్ వెళ్లే రైలు రంభ, ఖల్లికోట్, బాలుగావ్ మీదుగా చిలికాని ఆనుకునే వెళ్తుంది. కిటికీలోంచి కొండలు, నీళ్లు, వలలు, పడవలు అన్నీ కనిపిస్తాయి. పై బెర్తులోంచి దిగనక్కర్లేదు, ఫోను కింది బెర్తువాళ్లకిచ్చి తియ్యమంటే చాలు. "విత్ ఫ్యామిలీ ఎట్ చిలికా" అని పెట్టెయ్యండి. అడిగేవాడు లేడు. నేను రెండుసార్లు పెట్టాను. పైన నాలుగుసార్లన్నానే, ఈ రెండూ కలిపే.

వచ్చే జనవరి ఒకటికి మళ్లీ వెళ్తున్నాం. టెంపో ట్రావెలర్లో మూడు సీట్లు ఖాళీ, వెనక చక్రం మీదవి. పక్కసీటు బావగారిది. డబ్బు ముందే పంపాలి, తిరిగివ్వడం ఉండదు.